నురుగుతో నీటిని కడగడం

రాయ్‌పూర్ నుంచి సముద్రం చూడాలంటే విశాఖపట్నం రైలెక్కాలి. మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. 1931లో పూర్తయిన ఈ రైలు మార్గం లోతట్టు ప్రాంతాల సరుకును విశాఖ రేవుకు చేర్చడానికి వేసినది. దాని మీద ఖనిజం వెళ్తుంది, బియ్యం వెళ్తుంది, మనుషులు వెళ్లొస్తారు. సముద్రపు నీరు మాత్రం రాదు. అందువల్ల రాయ్‌పూర్‌లో ఎవరైనా ఇంట్లో ఉప్పునీటి చేపల తొట్టి పెట్టుకోదలిస్తే సముద్రాన్ని కూడా తామే తయారు చేసుకోవాలి.

దీనికయ్యే సరంజామా లెక్క చూద్దాం. 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గాజు తొట్టిలో సుమారు 300 లీటర్ల నీరు పడుతుంది. సముద్రపు నీటిలో కిలోకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అంటే ఈ తొట్టికి సుమారు 11 కిలోల లవణాల మిశ్రమం కావాలి. వంటింటి ఉప్పు ఒక్కటే చాలదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్లు తగిన పాళ్లలో ఉండాలి. కలిపే నీరు కూడా శుద్ధమైనదై ఉండాలి. రాయ్‌పూర్ చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీలకు అదే ఆధారం. ఆ రాతిలో ఊరిన బోరు నీరు కఠినజలం కాబట్టి ఆర్.ఓ. యంత్రంలో వడకట్టక తప్పదు. (ఇక్కడొక తమాషా ఉంది. ఈ సున్నపురాయి వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం ఇక్కడ ఉండిన లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్నదే. ఒకప్పటి సముద్రగర్భంలో కూర్చుని మనం సముద్రపు నీరు కలుపుకొంటున్నామన్న మాట!)

ఇంత శ్రమపడి చేసిన నీటిలో పదో వంతు, అంటే 30 లీటర్లు పారబోసినా కిలోకు పైగా లవణం మురుగుకాలువ పాలవుతుంది. విశాఖ తీరంలోని హేచరీకి ఈ బాధ లేదు. మోటారు వేస్తే కొత్త నీరు వస్తుంది. సముద్రానికి దూరమయ్యే కొద్దీ నీటిని మార్చడం కంటే నీటిని కడిగి మళ్లీ వాడుకోవడం ముఖ్యమవుతుంది. ఆ కడిగే సాధనాల్లో అన్నిటికన్నా విచిత్రమైనది ప్రోటీన్ స్కిమ్మర్. ఇందులో జల్లెడ ఉండదు, ఇసుక ఉండదు, మందు ఉండదు. ఉండేవి గాలి బుడగలు మాత్రమే. ఈ సాధనాన్ని తొట్టి నుంచి నీరు దిగే గొట్టానికి ఎలా కలపాలి, ఎలా కలపకూడదు అన్నదే ఈ వ్యాసంలో అసలు సంగతి. అది అర్థం కావాలంటే ముందు బుడగ సంగతి తెలియాలి.

పప్పు పొంగు చెప్పే పాఠం

చేపలు తినగా మిగిలిన మేత, వాటి విసర్జనలు, చర్మం మీది జిగురు, చచ్చిన నాచు — ఇవన్నీ నీటిలో కరిగి మాంసకృత్తులుగా, కొవ్వులుగా, ఇతర సేంద్రియ పదార్థాలుగా మిగులుతాయి. బాక్టీరియా వీటిని కుళ్లబెడితే అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియా చేపలకు విషం. వేరే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గాను, ఆపైన నైట్రేట్‌గాను మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకారి కాకపోయినా తొట్టిలో పేరుకుపోతూనే ఉంటుంది. మామూలు వడపోత సాధనాలు మురికిని పట్టి ఉంచుతాయే గాని నీటిలోంచి బయటకు తీసివేయవు. పట్టిన మురికి వాటిలోనే కుళ్లుతుంది. స్కిమ్మర్ మాత్రం కుళ్లకముందే మురికిని నీటినుంచి వేరుచేసి ఒక గిన్నెలో పోస్తుంది.

ఎలా? కందిపప్పు ఉడికేటప్పుడు గిన్నె మీద నురుగు పొంగడం అందరూ చూసినదే. ఉట్టి నీళ్లు మరిగితే బుడగలు వచ్చి పగిలిపోతాయి. పప్పు నీళ్లలో పగలకుండా నిలిచి ఒకదానిమీదొకటి ఎక్కి పొంగుతాయి. పప్పులోని మాంసకృత్తులు, ఇతర పదార్థాలు బుడగ పొరకు అతుక్కొని దాన్ని పట్టి ఉంచడమే దీనికి కారణం. ఇలాంటి అణువుల్లో నీటిని ఇష్టపడే భాగం ఒకటి, నీటిని తప్పించుకోజూసే భాగం ఒకటి ఉంటాయి. నీటి లోపల ఎక్కడున్నా రెండో భాగానికి ఇబ్బందే. నీరు, గాలి కలిసే సరిహద్దుకు చేరితే ఒక భాగం నీటిలోనూ ఒక భాగం గాలిలోనూ పెట్టుకుని నిలవగలుగుతుంది. ఇలా సరిహద్దు మీద పేరుకోవడాన్ని అధిశోషణం అంటారు. దీనివల్ల నీటి తలతన్యత తగ్గుతుంది.

ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరు వంటింట్లోనే ప్రయోగాలు చేశారు. జర్మనీకి చెందిన ఆగ్నెస్ పాకెల్స్‌కు విశ్వవిద్యాలయ చదువు లేదు. ఇంటిపని చేసుకుంటూ, నీటి ఉపరితలం మీద జిడ్డు పొర ఎలా ప్రవర్తిస్తుందో రేకు తొట్టె ఒకటి సొంతంగా తయారు చేసుకుని కొలిచారు. ఆమె రాసిన ఉత్తరాన్ని లార్డ్ రేలీ 'నేచర్' పత్రికకు పంపగా 1891లో అచ్చయింది. 1903లో ఇంగ్లండులో విలియం రామ్‌స్డెన్ మాంసకృత్తుల ద్రావణాలను కుదిపితే అవి ఉపరితలం మీద పొరగా కూడుకుంటాయని చూపారు. చేపల తొట్టెలకు ఈ సూత్రాన్ని విరివిగా వాడడం 1960ల్లో జర్మనీలో మొదలైంది.

కాలేజీ విద్యార్థులకు దీని అన్నగారు పరిచయమే. లోహశాస్త్రంలో చదివే ప్లవన ప్రక్రియ అదే. మధ్యప్రదేశ్‌లో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న మలాజ్‌ఖండ్ రాగి గని దగ్గర పొడిచేసిన ఖనిజాన్ని నీటిలో కలిపి గాలి ఊదుతారు. రాగి ఖనిజం రేణువులు బుడగలకు అంటుకుని నురుగుతో పైకి తేలితే రాతిపొడి అడుగున మిగులుతుంది. అక్కడ నురుగులో వచ్చేది సరుకు. మన తొట్టిలో నురుగులో వచ్చేది చెత్త. తేడా అంతే.

ఉప్పు ఏం చేస్తుంది?

మంచినీటి చేపల తొట్టికి స్కిమ్మర్ పెట్టరు. పెట్టినా సరిగా పనిచేయదు. దీనికి కారణం ఇంట్లోనే చూడవచ్చు. ఒకే రకం సీసాలు రెండు తీసుకుని ఒక్కోదానిలో లీటరు శుద్ధజలం పోయండి. ఒకదానిలో 35 గ్రాముల ఉప్పు కరిగించండి. రెండిటిలోనూ చేపల తొట్టికి వాడే గాలిరాయి వేసి గాలి ఊదండి. మంచినీటిలో బుడగలు దారిలోనే ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై గబగబా పైకి వెళ్లిపోతాయి. ఉప్పునీటిలో సన్న బుడగలు విడివిడిగా నిలిచి నీరంతా తెల్లగా పాలలా కనిపిస్తుంది.

బుడగలు కలిసిపోకుండా లవణాలు అడ్డుపడతాయి. సోడియం క్లోరైడ్ విషయంలో లీటరుకు సుమారు పదోవంతు మోల్ గాఢత దాటితే ఈ ప్రభావం స్పష్టమవుతుంది. పై ప్రయోగంలో గాఢత దాదాపు 0.6 మోల్. విచిత్రమేమిటంటే అన్ని లవణాలూ ఈ పని చేయవు. ఆస్ట్రేలియా నేషనల్ యూనివర్సిటీకి చెందిన క్రెయిగ్, నినమ్, పాష్లీలు 1993లో ప్రచురించిన పరిశోధనలో కొన్ని లవణాలు బుడగల కలయికను ఆపితే మరికొన్ని ఏ ప్రభావమూ చూపలేదు. ఏ అయాను ఏ అయానుతో జతకట్టింది అన్నదాన్ని బట్టి ఫలితం మారింది. ఎందుకలా అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం ఇంకా కుదరలేదు. ఇంత సాదా ప్రశ్న ఇంకా మిగిలి ఉందంటే భౌతిక రసాయన శాస్త్రం చదివేవారికి ఆశగానే ఉండాలి.

హైదరాబాదులో మూసీ మీద నురుగు తెల్లగా కొండల్లా లేస్తుంది కదా, అది ఉప్పునీరా అని అడగవచ్చు. కాదు. సబ్బులు, డిటర్జెంట్లు దండిగా కలిస్తే మంచినీరైనా నురుగు కడుతుంది. తొట్టిలో ఉండే మురికి అంత ఘాటైనది కాదు. దాన్ని పట్టడానికి సన్న బుడగలు కావాలి, వాటికి ఉప్పు కావాలి.

బుడగ ఎంత సన్నమైతే ఎంత లాభమో చిన్న లెక్కతో తేలుతుంది. గోళం ఉపరితలాన్ని ఘనపరిమాణంతో భాగిస్తే ఆరును వ్యాసంతో భాగించినంత వస్తుంది. లీటరు గాలిని 5 మిల్లీమీటర్ల బుడగలు చేస్తే మొత్తం ఉపరితలం 1.2 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు బుడగలు చేస్తే 6 చదరపు మీటర్లు. అర మిల్లీమీటరు చేస్తే 12 చదరపు మీటర్లు. పైగా సన్న బుడగ నిదానంగా ఎక్కుతుంది కనుక మురికి అంటుకోవడానికి వ్యవధి కూడా దొరుకుతుంది.

స్కిమ్మర్ నిర్మాణం ఇంతే: నిలువు గొట్టం, అడుగున గాలిని పీల్చి చిలికే చిన్న పంపు, పైన సన్నబడే మెడ, ఆ మెడ చుట్టూ గిన్నె. బుడగలు మెడలోకి చేరాక వాటి మధ్య నీరు కిందికి జారిపోతుంది. మురికితో గట్టిపడిన నురుగు మెడ దాటి గిన్నెలో పడి టీ డికాక్షన్ రంగులో నీరవుతుంది. దాని వాసన గురించి చెప్పకపోవడమే మేలు.

అయితే దీన్ని సర్వరోగ నివారిణి అనుకోకూడదు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రజ్ఞుడు కెన్ ఫెల్డ్‌మన్ 2009–10లో వేర్వేరు స్కిమ్మర్లను కొలిచి చూస్తే నీటిలో కరిగిన మొత్తం సేంద్రియ కర్బనంలో అవి తీయగలిగింది సుమారు 20 నుంచి 35 శాతమే. ఖరీదైనదానికీ చవకదానికీ కూడా పెద్ద తేడా కనిపించలేదు. బుడగకు అంటుకోని పదార్థాన్ని ఎంత మంచి స్కిమ్మర్ అయినా పట్టలేదు. అంటే ఎంత పెద్ద స్కిమ్మర్ కొన్నాం అనేదానికన్నా, అంటుకునే పదార్థం ఎక్కువగా ఉన్న నీటిని దానికి అందిస్తున్నామా అన్నది ఆలోచించవలసిన విషయం.

అలుగు నీరు

అలాంటి నీరు ఎక్కడుంటుంది? బుడగ మీద జరిగే అధిశోషణమే తొట్టి నీటి ఉపరితలం మీదా జరుగుతుంది. మాంసకృత్తులు, కొవ్వులు పైన పలచని తెట్టుగా కడతాయి. తొట్టి మొత్తంలో స్కిమ్మర్‌కు తగిన ఆహారం ఆ పై పొరే.

రాయ్‌పూర్ చెరువుల ఊరు. చెరువు నిండితే అలుగు మీదుగా పొర్లేది పై నీరే కదా. తొట్టిలో కూడా ఒక మూల గాజు పలకతో డబ్బా కట్టి దాని అంచును అలుగులా వాడతారు. పై నీరు అంచు దాటి డబ్బాలో పడి, అక్కడి గొట్టం ద్వారా తొట్టి కింద ఉన్న సంప్‌లోకి దిగుతుంది. సంప్ నుంచి పంపు దాన్ని మళ్లీ పైకి పంపుతుంది. గంటకు 2,000 లీటర్లు తిరుగుతున్నప్పుడు 30 సెంటీమీటర్ల అంచు మీద నీటి మందం సుమారు ఒక సెంటీమీటరు. అంచును 60 సెంటీమీటర్లకు పెంచితే 6 మిల్లీమీటర్లు. అంచు ఎంత పొడవుంటే అంత పలచని పొర, అంటే అంత చిక్కని మురికి దిగుతుంది. దువ్వెన పళ్లలాంటి అంచులు అమ్ముతారు. అవి చేపలను ఆపుతాయి గాని నీటి దారిని ఇరుకు చేసి పొరను మందం చేస్తాయి.

ఈ పై నీటి సూత్రాన్ని పెద్ద ఎత్తున చూడాలంటే మళ్లీ విశాఖపట్నమే వెళ్లాలి. అక్కడి కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ప్రాంతీయ కేంద్రంలో గ్రూపర్, ఇండియన్ పాంపనో వంటి సముద్రపు చేపలను తొట్లలో పెంచి గుడ్లు పెట్టించారు. తల్లి చేపలుండే తొట్లలో నీటిని వడకట్టి, స్కిమ్మర్ వంటి సాధనాలతో కడిగి మళ్లీ అదే తొట్టికి పంపుతారు. సముద్రం పక్కనే ఉండగా ఎందుకంటే, తుఫానుకు, ఋతువుకు మారిపోయే సముద్రపు నీటిని నమ్ముకుంటే చేప సమయానికి గుడ్డు పెట్టదు. ఈ చేపల గుడ్లు నీటిపైన తేలతాయి. తెట్టుతో పాటు గుడ్లు కూడా పై నీటితోనే బయటకు వస్తాయన్న మాట. వాటిని సన్నని వల ఉన్న గదిలో ముందే పట్టుకోవాలి. స్కిమ్మర్‌లో పడితే గుడ్డుకూ మురికికీ అది తేడా చూడదు. కాబట్టి దిగే గొట్టంలో ఏది ముందు, ఏది వెనుక అన్నది కేవలం ప్లంబర్‌కు వదిలేసే విషయం కాదు.

గొట్టానికి మొదటి ధర్మం

ఇక ఇంటి తొట్టి. దిగే గొట్టాన్ని నేరుగా స్కిమ్మర్ నోటికి బిగించేస్తే పై నీరంతా దానికే అందుతుంది కదా అనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే ఇల్లు తడుస్తుంది. గొట్టానికి మొదటి ధర్మం నీటిని సంప్‌కు దించడం. పంపు పైకి పోస్తూనే ఉంటుంది. దిగే దారి మూసుకుపోతే పొర్లేది నేల మీదికే. స్కిమ్మర్ మెడ, దాని నీరు బయటకు పోయే గొట్టం, దాని కవాటం — వీటిలో ఏది పూడుకున్నా మొత్తం దారి మూసుకుపోయినట్టే. ఒక్కటే దారి ఉండి, ఆ దారిలో స్కిమ్మర్ ఉండడం ఎన్నడూ కూడదు.

రెండో చిక్కు గాలి. దిగే గొట్టం సగం నీటితో సగం గాలితో ఉంటే నీరు గోడల వెంట జారుతూ మధ్యలో గాలిని లాక్కుపోతుంది. గుటగుటమనే ఆ చప్పుడు దానిదే. ఆ పెద్ద గాలి గుక్కలు స్కిమ్మర్‌లోకి వస్తే లోపలి మట్టం ఎగిరెగిరి పడి మెడలోని నురుగు కూలిపోతుంది. మట్టం నిలకడగా ఉంటేనే నురుగు కడుతుంది. అసలు స్కిమ్మర్ కోరుకునేది ఎక్కువ నీటిని కాదు, నిలకడైన నీటిని.

గాలి లేని నీరు కావాలంటే గొట్టం నిండుగా పారాలి, అంటే సైఫన్‌లా పనిచేయాలి. తొట్టి మట్టానికీ సంప్ మట్టానికీ 70 సెంటీమీటర్ల తేడా ఉంటే, 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో సిద్ధాంతరీత్యా గంటకు 6,500 లీటర్లు దిగవచ్చు. ఘర్షణకు, వంపులకు సగం పోయినా 3,000 పైమాటే. మనకు కావలసింది 2,000. అందుకే ఈ గొట్టం కింది భాగంలో గేట్ వాల్వ్ పెట్టి కొద్దికొద్దిగా బిగించి, డబ్బాలో నీటి మట్టం గొట్టం నోటిపైన నిలబడేలా చేస్తారు. బాల్ వాల్వ్ కొంచెం తిప్పితే చాలా మారిపోతుంది కనుక ఈ పనికి నప్పదు. మొదటి గొట్టం మోయగా మిగిలిన సన్న ధార కోసం రెండో గొట్టం కాస్త ఎత్తులో, కవాటమేదీ లేకుండా ఉంటుంది. దానికన్నా రెండు సెంటీమీటర్లు ఎత్తులో మూడో గొట్టం. ఇది ఎప్పుడూ పొడిగానే ఉండాలి. దానిలో నీటి చప్పుడు వినిపించిందంటే మొదటిదానిలో నత్తో, నాచో ఇరుక్కుందని అర్థం. మొదటి గొట్టం కింది కొస సంప్ నీటిలో రెండు మూడు సెంటీమీటర్లకు మించి మునగకూడదు. లోతుగా ముంచితే గొట్టంలోని గాలి బయటపడలేక సైఫన్ మొదలే కాదు.

స్కిమ్మర్‌కు పాయ తీయవలసింది ఈ నిండు గొట్టం నుంచే. గేట్ వాల్వ్‌కు పైన ఒక టీ వేసి, పాయకు వేరే గేట్ వాల్వ్, దాని తర్వాత ఊడదీయడానికి వీలుగా యూనియన్ పెట్టాలి. 2,000 లీటర్లలో 600 స్కిమ్మర్‌కు వెళ్తే చాలు. మిగిలినది తిన్నగా సంప్‌కు పోతుంది. ఎందుకు 600? స్కిమ్మర్ గొట్టంలో ఆరు లీటర్లు పడుతుందనుకుంటే గంటకు 600 లీటర్ల చొప్పున నీరు సగటున 36 సెకన్లు బుడగల మధ్య గడుపుతుంది. మొత్తం 2,000 తోసేస్తే 11 సెకన్లే. మరీ తగ్గిస్తే కొత్త మురికి రావడమే తగ్గిపోతుంది. గంటకు తొట్టి నీరు రెండుసార్లు దాటేలా ఉంటే ఈ పరిమాణానికి సరిపోతుంది.

ఇలా నేరుగా పాయ కలపడం అన్ని స్కిమ్మర్లకూ కుదరదు. నీరు వచ్చే దారి వేరుగా, బుడగలు చేసే పంపు వేరుగా ఉండి, ఆ పంపు స్కిమ్మర్ లోపలి నీటినే తిప్పి తిప్పి చిలికే రకాలకే కుదురుతుంది. సంప్ నీటిని తానే పీల్చుకునే పంపు ఉన్న రకమైతే మరో పద్ధతి ఉంది. దిగే నీరు ముందుగా సంప్‌లోని చిన్న గదిలో పడేలా చేసి, ఆ గది గోడను 20 సెంటీమీటర్ల ఎత్తున కోసి అలుగు చేసి, స్కిమ్మర్‌ను ఆ గదిలోనే నిలబెట్టడం. మట్టం ఎప్పుడూ 20 సెంటీమీటర్లే. పై నీరు ముందు స్కిమ్మర్‌కే అందుతుంది. గొట్టానికీ స్కిమ్మర్‌కూ అతుకు లేదు కనుక ఒకటి చెడితే రెండోది ఆగదు. పాయ పద్ధతిలో కొంచెం ఎక్కువ మురికి దొరకవచ్చు. అయినా మొదటిసారి తొట్టి కట్టేవారికి నేను గది పద్ధతినే చెబుతాను.

పాయ పద్ధతిలోనే వెళ్లేవారు స్కిమ్మర్ బయటి గొట్టాన్ని గమనించాలి. అది లోపలికి వచ్చే గొట్టం కన్నా సన్నగా ఉండకూడదు. దాని పై కొస గాలికి తెరిచి ఉండాలి, లేకపోతే అదీ సైఫన్ అయి మట్టాన్ని లాగేస్తుంది. అది పూడితే గంటకు 600 లీటర్లు మెడలోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి కిందికి చిమ్ముతాయి. స్కిమ్మర్ సంప్ బయట నేలమీద ఉంటే 60 లీటర్ల సంప్ ఆరు నిమిషాల్లో ఖాళీ. అందుచేత స్కిమ్మర్‌ను సంప్ లోపలే నిలబెట్టాలి. అప్పుడు పొంగినా మురికి నీరు తిరిగి సంప్‌లోనే పడుతుంది. ఒకరోజు శ్రమ వృథా, అంతే.

ఇత్తడి కవాటాలు వాడరాదు. ఉప్పునీటిలో వాటినుంచి కరిగే రాగి రొయ్యలు, నత్తల వంటి జీవాలను చంపుతుంది. అన్నీ పీవీసీవే ఉండాలి. సాల్వెంట్ సిమెంటు అతుకులను ఒక రోజైనా ఆరనిచ్చి, మంచినీటితో కడిగి, ఆ తర్వాతే ఉప్పునీరు పోయాలి.

కరెంటు పోయినప్పుడు

కరెంటు పోని ఊరు లేదు. పంపు ఆగగానే రెండు పనులు జరుగుతాయి. అలుగు అంచు దాకా ఉన్న నీరు దిగిపోతుంది. నీటిని పైకి తెచ్చే గొట్టం వెనక్కి సైఫన్ అయి తన నోరు మునిగి ఉన్నంత వరకూ తొట్టి నీటిని సంప్‌లోకి లాగుతుంది. మన తొట్టి పైవైశాల్యం 120 × 45 సెంటీమీటర్లు. ఒక్క సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు. గొట్టం నోరు ఉపరితలానికి 5 సెంటీమీటర్ల లోతున ఉంటే 27 లీటర్లు. స్కిమ్మర్‌లోంచి దిగే ఆరు లీటర్లు, గొట్టాల్లో ఉన్నది కలుపుకుంటే 35 లీటర్లకు సంప్‌లో ఖాళీ జాగా ఉండాలి. నాన్‌రిటర్న్ వాల్వ్ పెట్టాం కదా అని ధీమా పనికిరాదు. ఒక నత్తగుల్ల ముక్క ఇరుక్కుంటే అది మూసుకోదు. తొట్టి గొట్టానికి ఉపరితలం దగ్గర చిన్న రంధ్రం చేసి సైఫన్‌ను విరగ్గొట్టడం మంచి ఉపాయమే గాని, నాచు పట్టి ఆ రంధ్రం కూడా పూడుతుంది. ఖాళీ జాగాకు సాటి లేదు. చేపలు వేయకముందే మెయిన్ స్విచ్ పదిసార్లు ఆపి, వేసి చూడాలి. కరెంటు తిరిగి వచ్చిన మొదటి రెండు నిమిషాల్లో సైఫన్ పుంజుకునే లోగా తొట్టి మట్టం పెరుగుతుంది, స్కిమ్మర్ ఒక్కసారి ఉబుకుతుంది. ఆ రెండు నిమిషాలూ దగ్గరుండి చూడవలసినవి. తీగలు ప్లగ్గుకు చేరేముందు కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే తీగ వెంట జారిన చుక్క ప్లగ్గులోకి పోదు. ఆర్.సి.సి.బి. లేకుండా ఉప్పునీటి దగ్గర పంపు పెట్టనే వద్దు.

స్కిమ్మర్ ఆగితే పోయేది శుభ్రత ఒక్కటే కాదు. 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు సుమారు 7.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను ఇముడ్చుకోగలిగితే సముద్రపు నీరు 6.2 మాత్రమే ఇముడ్చుకోగలదు. రాయ్‌పూర్ మే నెల ఎండలో ఇది ఇంకా తగ్గుతుంది. అంతవరకు గాలిని చిలికి ఇచ్చింది స్కిమ్మరే. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం వేసవిలో తప్పనిసరి.

గిన్నెలోని మురికిని రోజూ పారబోయడం విసుగనిపించి కొందరు గిన్నె అడుగున గొట్టం పెట్టి ఇంటి మురుగు పైపుకు కలిపేస్తారు. ఇది నాకు నచ్చని ఏర్పాటు. స్కిమ్మర్ అప్పుడప్పుడు అకారణంగా పొంగుతుంది. కొత్త అతుకు జిగురు పడినా, తొట్టిలో మందేదైనా వేసినా నురుగు ఆగకుండా వస్తుంది. మురుగు పైపుకు కలిపి ఉంటే తొట్టి నీరు చప్పుడు లేకుండా పోతూ ఉంటుంది. ఆవిరైన నీటికి బదులు మంచినీరు పోసే ఆటోమేటిక్ ఏర్పాటు ఉంటే మరీ ప్రమాదం. మట్టం తగ్గిందని అది మంచినీరు పోస్తుంది. 300 లీటర్లలో 30 లీటర్ల ఉప్పునీరు పోయి ఆ మేరకు మంచినీరు చేరితే లవణీయత 35 నుంచి 31.5కు పడిపోతుంది. చూడడానికి తొట్టి నిండుగానే ఉంటుంది. చేపలకు మాత్రం సముద్రం మారిపోతుంది. గిన్నె గొట్టాన్ని మూత ఉన్న ఐదు లీటర్ల డబ్బాలోకి వదిలితే, నష్టం జరిగినా ఐదు లీటర్లతో కంటికి కనిపిస్తుంది. డబ్బా నిండగానే స్కిమ్మర్ పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ కూడా పెట్టుకోవచ్చు. ఆ నీటిని మొక్కలకు పోయకండి, ఉప్పు వాటిని చంపుతుంది.

పొంగడం ఎలాగో, పొంగక పోవడం కూడా అలాగే కలవరపెడుతుంది. మేత వేసిన వెంటనే చాలా స్కిమ్మర్లలో నురుగు అణిగిపోతుంది. తలకు నూనె రాసుకున్న చేయి నీటిలో పెట్టినా అంతే. పప్పు పొంగకుండా అమ్మ వేసే నూనె చుక్క చేసే పని ఇదే. నూనె బుడగ పొర మీద పరుచుకుని మాంసకృత్తులను తోసేసి పొరను పగలగొడుతుంది. ఇలాంటప్పుడు కవాటాలు తిప్పడానికి తొందరపడితే, నూనె పోయి నురుగు మళ్లీ లేచేసరికి మట్టం ఎక్కువై గిన్నె పొంగుతుంది. కొన్ని గంటలు వదిలేస్తే అదే సర్దుకుంటుంది.

చివరగా తొట్టిలో ఏం పెంచవచ్చు అన్న సంగతి. దిబ్బలు కట్టే పగడాలను, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. సముద్రంలోంచి తెచ్చిన పగడాన్ని ఎవరు ఎంత ధరకు ఇస్తామన్నా కొనకూడదు. క్లౌన్ చేపల వంటి వాటిని హేచరీల్లో పుట్టించే పద్ధతులను మన మత్స్య పరిశోధనా సంస్థ రూపొందించింది. హేచరీలో పుట్టిన చేపకు మేత తినడం, తొట్టిలో బతకడం పుట్టుకతోనే అలవాటు. 300 లీటర్ల తొట్టిలో అలాంటివి ఒక జంటతో మొదలుపెట్టి, గిన్నెలో రోజుకు ఎంత మురికి పడుతోందో ఒక నెల రాసుకున్నాక మూడో చేప గురించి ఆలోచించవచ్చు.